చెల్లె తలగడ కింద నా కత్తి

నిన్న అమీర్‌పేట మెట్రో మెట్ల కింద ఒకతను పాత సామాను పరుచుకుని కూర్చున్నాడు. అందులో మగపిల్లల కోసం చేసిన చిన్న మడత కత్తి కనిపించింది. అలాంటివి పాతవీ కొత్తవీ పోగుచేసే అలవాటు నాకుంది కనుక కొనేశాను. మడత విప్పగానే నూనె, ఇనుము కలిసిన వాసన వచ్చింది. దాంతోపాటు పాత కోపమూ లేచింది.

అప్పట్లో మేము పంజాగుట్టలో ఉండేవాళ్లం. నాన్న దర్జీ. మేనమామ నాకొక ఎర్ర పిడి మడత కత్తి కొనిచ్చాడు. పెన్సిల్ చెక్కినా, మామిడికాయ కోసినా దాన్ని శుభ్రంగా తుడిచి మూసేవాణ్ణి. చెల్లె పుట్టిన కొద్ది రోజులకే అది మాయమైంది. ఇల్లంతా వెతికితే చివరికి ఉయ్యాలలో, చెల్లె తలగడ కింద దొరికింది.

"గా కత్తి నాది! మగపిల్లల కత్తి చెల్లెకెట్లిస్తరు?" అని అరిచాను.

"ఇనుముకు ఆడామగా ఎరుకనారా?" అంది నానమ్మ. "పసిబిడ్డ జడుసుకోకుండ పెట్టిన. తియ్యకు."

"నాయిన కత్తెర పెట్టొచ్చు గద!"

"గది బిడ్డకు గుచ్చుకుంటది. నీదైతే మూసుకుంటది. నువ్వు సుత జర నోరు మూసుకో, బిడ్డ లేస్తది!"

నాదంటూ ఉన్న ఒక్క వస్తువునూ చెల్లెకు రాసిచ్చేశారని నమ్మాను. ఎంత పిలిచినా ఉయ్యాల ఊపడానికి పోలేదు.

ఇంట్లో అంత ఇనుముండగా చెల్లె నిద్రకు కాపలా నా కత్తికే అప్పగించారని ఇప్పుడు తెలుసు. తెలిసినా కోపం పోలేదు. ఒక్క మాట అడిగి ఉంటే నా చేత్తో నేనే పెట్టేవాణ్ణి.