వదిన పరీక్ష బోర్డు

మా వదిన బల్ల దగ్గర ఎవరూ తుమ్మరు. తుమ్ము వచ్చేలా ఉంటే ముక్కు పట్టుకుని వరండాలోకి పరుగెత్తుతారు. ఆసుపత్రుల్లో రోగి ఊపిరిని కనిపెట్టుకుని ఉండే యంత్రాలకు మా వర్క్‌షాపు ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేస్తుంది. ఆ బోర్డులకు నువ్వుగింజంత భాగాలను చేత్తో సోల్డరింగ్ చేసి అతికించేవాళ్ళలో మా వదినను మించినవాళ్ళు లేరు. ఈ మాట నేను అనడం లేదు. ఆమే అంటుంది, రోజూ.

ఆమె మా అన్నయ్య భార్య; అందరం ఒకే ఇంట్లో ఉంటాం. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచి వర్క్‌షాపు మొత్తం ఆమెను వదినా అనే పిలుస్తోంది, ఆమెకంటే వయసులో పెద్దదైన స్టోర్ కీపరుతో సహా. నాకూ అక్కడ ఒక పేరు పెట్టారు: బాలింత. పాపను కన్నది నా భార్యే. కానీ నిద్రలేక కళ్ళు గుంటలు పడి, ఎవరు దగ్గినా ఉలిక్కిపడి, భోజనం మధ్యలో ఇంటికి ఫోన్ చేసి "పాప ఊపిరి తీసుకుంటోందా?" అని అడిగేది నేను.

"తీసుకుంటోంది. నువ్వు కూడా కాస్త తీసుకో," అని నా భార్య ఫోన్ పెట్టేస్తుంది.

భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. ఆ చదువు వల్ల నాకు జరిగిన మేలు ఒక్కటే: భయపడటానికి మామూలు మనుషులకంటే నాకు ఎక్కువ కారణాలు తెలుసు.

వదిన తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. ఆయన చేతిలోంచి జారి గచ్చు మీద పడిన మరలను వెతికి పెట్టడమే చిన్నప్పుడు ఆమె ఆట. ఆ చూపు, ఆ వేళ్ళ నేర్పు అక్కడివే. ఇంట్లో మాత్రం ఆమె పాలు పొంగించని రోజు, తాళాలు పోగొట్టని వారం ఉండవు. బల్ల ముందు కూర్చుని మణికట్టుకు పట్టీ తగిలించుకుందంటే వేరే మనిషి. భాగానికున్న సన్నటి లోహపు కాలికి సోల్డరింగ్ ఐరన్ మొన ఆనిస్తుంది, పక్క నుంచి టంకం తీగ అందిస్తుంది. కరిగిన టంకం కాలి చుట్టూ వాలుగా ఎక్కి, మెరుస్తూ ఆగుతుంది. ఇక ఆమె దాని జోలికి వెళ్ళదు. నేనైతే బాగున్నదాన్ని ఇంకా బాగుచేద్దామని మళ్ళీ ఐరన్ పెట్టి చెడగొడతాను.

"వదిలెయ్యవయ్యా! పిల్లను లేపి మరీ నిద్రపోయావా అని అడిగే రకం నువ్వు," అంటుంది.

అది నిందేమీ కాదు. ఒకసారి అడిగాను కూడా.

రెండేళ్ళకోసారి మా అందరికీ పరీక్ష ఉంటుంది. పరీక్ష బోర్డు మీద చేసిన ప్రతి అతుకునూ తనిఖీ మేడం మైక్రోస్కోపు కింద చూస్తుంది. ఆమె లేనప్పుడు ఆమెను భూతద్దం అంటాం. రెండుసార్లు తప్పినవాళ్ళు సోల్డరింగ్ బల్ల ఖాళీ చేసి, తీగలు కొలిచి కత్తిరించే కేబుల్ గదికి వెళ్ళాలి. వదినకు ఈ మధ్యనే కళ్ళజోడు వచ్చింది. దాంతో గుసగుసలు మొదలయ్యాయి. "నా చూపు మందగించినా మీ అందరి చూపుకంటే నయం," అని ఆమె నవ్వేసింది కానీ, ఆ వారమంతా ఇంట్లో పాలు పొంగలేదు. అది చూసి నాకు భయమేసింది.

ఎవరూ అడగకుండానే సాయం చేయబోయాను. శుభ్రం చేసే గది నుంచి ఆమె పరీక్ష సామాను ట్రేలో తెచ్చింది నేనే. దారిలో ఒక భాగం కాళ్ళు వంగాయేమోనని అనుమానం వచ్చింది. చేతి తొడుగు ఉంటే స్పర్శ సరిగ్గా తెలియదని దాన్ని తీసేసి, భాగాన్ని బొటనవేలితో అదిమి పట్టి, ఆ వేలితోనే ఒక వరస కాళ్ళన్నీ మెల్లగా తడిమి చూశాను. ఒక్కటీ వంగలేదు. ఎంతో మేలు చేసినవాడిలా ట్రే ఆమె ముందు పెట్టాను.

అన్నీ చక్కగా కుదిరాయి, ఆ ఒక్క వరస తప్ప. అక్కడ టంకం కాళ్ళ మీదికి ఎక్కలేదు. పూసల్లా విడివిడిగా నిలబడింది.

"పట్టలేదు," అంది భూతద్దం. "రేపు మధ్యాహ్నం రెండోసారి."

సాయంత్రం బస్సులో వదిన కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి, నా వైపు చూడకుండా అడిగింది.

"అబ్బాయ్, ఆ కాళ్ళు నాకు స్పష్టంగానే కనిపించాయి. కనిపించాయని అనుకున్నానంటావా?"

ఇంటికి వెళ్ళాక మా అన్నయ్య ఓదార్చాడు. "పోనీలే, కేబుల్ గదిలో ఫ్యాను బాగా తిరుగుతుంది." ఆమె లేచి పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున బస్సులో నా సిద్ధాంతాలన్నీ ఆమె ముందు పరిచాను: ఐరన్ మొన వేడి, గాలిలో తేమ, కాళ్ళ మీద పట్టిన తుప్పు పొర.

"కాస్త ఆపు నాయనా. నీ ఉపన్యాసానికి టంకం సంగతేమో గానీ నేను కరిగిపోతున్నాను," అంది. ఆ మాటలో ఎప్పటి ఊపు లేదు.

వర్క్‌షాపుకు వెళ్ళగానే తప్పిన బోర్డును అడిగి తీసుకున్నాను. మైక్రోస్కోపులో ఎంతసేపు చూసినా నా సిద్ధాంతాల్లో ఒక్కటీ కనిపించలేదు. దాని మీదికి వంగి నిట్టూర్చాను. ఆ ఆవిరికి భాగం నల్లటి వీపు మసకబారి, మసక మధ్యలో ఒక వేలిముద్ర తేలింది. ముద్రకు అడ్డంగా ఒక గీత. పాలపొడి డబ్బా మూత తీయబోయి నా బొటనవేలు కోసుకున్న గీత అది.

రోజూ పొద్దున పాపకు డైపరు క్రీము రాసేది నేనే. తడిని దరిచేరనివ్వదని ట్యూబు మీదే రాసి ఉంటుంది. సబ్బుకూ ఒక పట్టాన వదలదు. నీటినే నిలవనివ్వని క్రీము టంకాన్ని నిలవనిస్తుందా? ఎమ్మెస్సీ చేసినవాడికి ఆ సంగతి తట్టడానికి ఒక నిట్టూర్పు కావలసి వచ్చింది.

భూతద్దం ముందు, వదిన ముందు నిలబడి అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ చేతులు జేబుల్లోనే దాచుకున్నాను.

వదిన మొదట ఒక్క మాటే అడిగింది. "అయితే నా కళ్ళు బాగానే ఉన్నట్టేనా?"

"బాగానే ఉన్నాయి వదినా."

"దుర్మార్గుడా! నిన్న ఇంటికెళ్ళిన దగ్గర్నుంచీ సూదిలో దారం ఎక్కిస్తూ, తీస్తూ, మళ్ళీ ఎక్కిస్తూ కూర్చున్నాను కదరా!"

"ఎక్కిందా?" అన్నాను.

"మేడం, వీణ్ణి ఇక్కణ్ణుంచి పంపించెయ్యండి. లేకపోతే ఈ ఐరన్‌తో ముందు వీడికే అతుకు వేస్తాను."

భూతద్దం నవ్వలేదు. "నిన్నటి ఫలితం మారదు. ఇవాళ తప్పితే కేబుల్ గదే. సామాను నేనే తెస్తాను."

నేను గాజు తలుపు బయట నిలబడ్డాను. వదిన ఐరన్ ఎత్తింది, దించింది. కళ్ళజోడు సర్దుకుంది. మళ్ళీ ఎత్తింది. కారణం తెలిసినంత మాత్రాన భయం పోదని నాకు తెలుసు. ఆ విషయంలో మాత్రం నేను నిపుణుణ్ణి. ఆ తరువాత ఆమె ఆగలేదు. భూతద్దం మైక్రోస్కోపు మీదికి వంగి చాలాసేపు చూసి తల ఊపింది.

"మొహమాటపడకండి, ఇంకా చూడండి," అన్న వదిన గొంతు తలుపు ఇవతలికి కూడా వినిపించింది.

కేబుల్ గదికి వెళ్ళింది నేను, శిక్షగా ఒక నెల పాటు. ప్రతి తీగనూ రెండుసార్లు కొలుస్తాను కాబట్టి ఇక్కడ పని ఏమాత్రం జరగడం లేదు. ఫ్యాను నిజంగానే బాగా తిరుగుతుంది.

నిన్న భోజనాల వేళ వదిన ఒక పెట్టె పట్టుకుని వచ్చింది. అందులో ఆమె నెగ్గిన బోర్డు. కొత్తవాళ్ళకు చూపించడానికని ఆమెకే ఇచ్చారట. ఎవరూ చెప్పకముందే నేను చేతులు వెనక్కి కట్టుకుని వంగాను.

"ఆ చివరి వరస ఎలా ఉంది?" అని అడిగింది.

అది గొప్ప కోసం అడిగినట్టు లేదు. ఒక్కొక్క కాలూ చూశాను. అన్నిటికీ టంకం వాలుగా ఎక్కి ఉంది.

"బాగుంది వదినా."

"ఇంకోసారి చూడు," అంది మెల్లగా.

చూశాను.