నడుస్తున్న ఇంజన్ మీద నట్టు

డీజిల్ పని చేసేవాళ్లకు పెట్రోల్ అంటే కొంచెం చులకన. కారిన డీజిల్‌ను గుడ్డతో తుడిచి, అదే గుడ్డతో చేతులు తుడుచుకుని, ఆ చేత్తోనే బీడీ వెలిగించుకున్న వాళ్లను నేను చూశాను. నేల మీద పడ్డ డీజిల్ మీద అగ్గిపుల్ల వేసినా అంత తేలిగ్గా అంటుకోదు. మా షెడ్డు నేల ఏళ్ల తరబడి డీజిల్ తాగి నల్లగా, మెత్తగా తయారైంది. ఏ రోజూ ఏమీ కాలేదు. ఏమీ కాకపోతే మనిషికి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం ఒక్క డీజిల్ దగ్గరే చెల్లుతుందని చెప్పేవాడు ఎవడూ ఉండడు.

నేను పని నేర్చుకున్నది శంషాబాద్‌లో, పాత బెంగళూరు రోడ్డు పక్కన, లారీల పంపులూ, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లూ బాగుచేసే ఒక ఉస్తాద్ దగ్గర. మాది మంఖాల్ వైపు సేద్యం చేసుకునే కుటుంబం. ఇంటర్ తప్పాక మా బాపు నన్ను తీసుకెళ్లి ఆయనకు అప్పగించాడు. ఉస్తాద్‌ది పాతబస్తీ. రోజూ ఆరాంఘర్ మీదుగా స్కూటర్ మీద వచ్చేవాడు. మాతో తెలుగులో మాట్లాడేవాడు, కోపం వస్తే మాత్రం తన భాషలోకి వెళ్లిపోయేవాడు.

ఆయన నిర్లక్ష్యపు మనిషి అనుకుంటే పొరపాటు. ఇంజెక్టర్‌ను పరీక్ష బల్లకు బిగించి చేతిపంపు కొడితే డీజిల్ సన్నటి మంచులా ఎగజిమ్ముతుంది. ఆ జల్లు సమంగా ఉందో లేదో ఆయన చూడనక్కర్లేదు, శబ్దం వింటే చాలు. కానీ దానికి అడ్డంగా ఎవడైనా వేలు చాపాడా, పానా పెట్టి మెటికల మీద ఒక్కటిచ్చేవాడు. ఆ ఒత్తిడికి డీజిల్ సూది అక్కర్లేకుండానే చర్మంలోకి దూరిపోతుంది, తర్వాత వేలు తీసేయాల్సి వస్తుంది. నాకూ ఒకసారి పడింది ఆ దెబ్బ. వారం రోజులు అన్నం కలుపుకోవడం కష్టమైంది. ఆ తర్వాత ఎప్పుడూ వేలు చాపలేదు. ఇంకో కట్టడి కూడా ఉండేది. పానా పట్టిన ఉస్తాద్ చేతిని షాగిర్ద్ ముట్టుకోకూడదు. షాగిర్ద్ అంటే శిష్యుడు. ఏం చెప్పాలన్నా పానా కింద పెట్టాకే చెప్పాలి. అది మర్యాద కోసం పుట్టిందో, చెయ్యి జారితే ప్రమాదమని పుట్టిందో నాకు తెలియదు. రోడ్డు పొడుగునా ఉన్న షెడ్లన్నిట్లో అదే పద్ధతి.

ఆయన్ని వెతుక్కుంటూ కర్నూలు నుంచి కూడా లారీలు వచ్చేవంటే ఒక్క విద్య కోసమే. ఆరు సిలిండర్లలో ఏదో ఒకటి పనిచేయక ఇంజన్ కొట్టుకుంటూ ఉంటుంది. ఏది దొంగో తెలియాలి. ఉస్తాద్ ఇంజన్ ఆపేవాడు కాదు. నడుస్తుండగానే ఒక్కో ఇంజెక్టర్ గొట్టం నట్టును కొద్దిగా వదులు చేసేవాడు. డీజిల్ బుస్సున చిమ్మేది. ఇంజన్ గొంతు పడిపోతే ఆ సిలిండర్ మంచిదే. గొంతు మారకపోతే దొంగ దొరికినట్టే. నట్టు మళ్లీ బిగించేవాడు. ఇదంతా కళ్లు మూసుకుని చేసేవాడు. డ్రైవర్లు చుట్టూ నిలబడి దవాఖానలో డాక్టర్ని చూసినట్టు చూసేవాళ్లు.

ఎయిర్‌పోర్టు వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. లారీలు ఊరి బయట నుంచే వెళ్లిపోవడం మొదలుపెట్టాయి. వచ్చిన ఒకటీ అరా కొత్త బండ్లలో ఇంజెక్టర్లు కంప్యూటర్ చెప్పినట్టు వినేవే. నేను అత్తాపూర్‌లో విదేశీ కార్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో చేరాను. రెండేళ్లు అక్కడే. అక్కడి ఫోర్‌మన్ నాతో మొదటి నెలంతా ఒకే పని చేయించాడు. పెట్రోల్ పంపు ఫ్యూజ్ పీకడం, ఇంజన్ దానంతటది ఆగిపోయేదాకా నడపడం, బ్యాటరీ తీగ తీయడం, నట్టు మీద గుడ్డ కప్పడం, అప్పుడు మాత్రమే పానా పెట్టడం. డీజిల్ ఉస్తాద్ దగ్గర తయారైన నాకు అది పిల్లల ఆటలా అనిపించింది. ఒకరోజు అరచెంచా పెట్రోల్‌ను వేడి సైలెన్సర్ గొట్టం మీద పోసి చూపించాడు, భగ్గున లేచింది. అప్పటి నుంచి ఎదురు మాట్లాడలేదు.

ముఖ్యంగా సూపర్‌చార్జర్ ఉన్న స్పోర్ట్స్ కార్ల దగ్గర ఆయన ఎవరినీ నమ్మేవాడు కాదు. సూపర్‌చార్జర్ అంటే ఇంజన్ నెత్తిన కూర్చుని లోపలికి గాలిని బలవంతంగా తోసే యంత్రం. గాలి ఎక్కువ తోస్తే పెట్రోల్ కూడా అంతకంత పోయాలి. ఒక్క ఇంజెక్టర్‌లో మట్టి చేరి తక్కువ పోసిందంటే పిస్టన్ కరిగిపోతుంది. ఇంజెక్టర్ మెడకుండే రబ్బరు ఉంగరం ఎండి చిట్లిందంటే పెట్రోల్ బయటికి కారుతుంది, పక్కనే ఎగ్జాస్ట్ గొట్టం పెనంలా కాలుతూ ఉంటుంది. శనగగింజంత ఉంగరం. పాతది తీస్తే మళ్లీ పెట్టకూడదు, కొత్తదానికి ఒక చుక్క ఇంజన్ ఆయిల్ రాసి పెట్టాలి. మన వాళ్లు బాగానే ఉంది కదా అని పాతదే తుడిచి పెడతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటే.

2011లో శంషాబాద్‌కు తిరిగొచ్చి ఎయిర్‌పోర్టు రోడ్డు దగ్గర కిరాయికి షట్టర్ గది తీసుకున్నాను. పెట్రోల్ ఇంజెక్టర్లు శుభ్రం చేసి పరీక్షించడం నా పని. అప్పటికి రోడ్డు వెడల్పులో ఉస్తాద్ షెడ్డు పోయింది. ఇంట్లో కూర్చుంటే మనిషి చెడిపోతాడు, వచ్చి నా దగ్గర కూర్చోమన్నాను. వచ్చాడు. నా దగ్గర కూర్చుంటున్నానని ఆయన అనుకోలేదు, నేనూ ఎవరినీ అలా అననివ్వలేదు. పొద్దున షట్టర్ ఎత్తగానే మొదటి పానా ఆయన చేతికే ఇచ్చేవాణ్ని. వారం తిరక్కుండా పెట్రోల్ జల్లు శబ్దం కూడా పట్టేశాడు. గాజు గొట్టాల్లో కొలిచి నేను చెప్పేది ఆయన కుర్చీలోంచి కదలకుండా చెప్పేవాడు. నాకు గర్వంగానే ఉండేది.

గోడ మీద అత్తాపూర్ పద్ధతంతా పెద్ద అక్షరాలతో రాయించాను. ఫ్యూజ్ ముందు, పానా తర్వాత అని. మంట ఆర్పే సిలిండర్ ఒకటి ఎర్రగా వేలాడదీశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని పక్క టైర్ల షాపాయన వెక్కిరించాడు. అత్తాపూర్‌లో నిప్పంటే అంత భయమా అని ఉస్తాద్ కూడా నవ్వాడు. ఆయనకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. ఆ సంగతి నాకు తెలుసు. గోడ మీద రాసింది పనివాళ్ల కోసమని నాకు నేను చెప్పుకున్నాను. ఎందుకంటే ఆయన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పడానికి నాకు మొహం లేదు. మెటికల మీద కొట్టి నేర్పినవాడికి నేనేం చెప్తాను.

ఆ ఎండాకాలం ఒక ఉదయం ఎర్ర రంగు రెండు తలుపుల కారు వచ్చింది. ఓనర్ ఇక్కడివాడే, ఎయిర్‌పోర్టు పక్క ఊరి రైతు. భూమి ధరకు రెక్కలొచ్చాక ఎవరో సెకండ్‌హ్యాండ్‌లో అమ్మితే కొన్నాడు. లోపల సూపర్‌చార్జర్ ఉందని ఎవరో చెప్పారట, ఎక్కడుందో తనకు తెలియదని ఆయనే చెప్పాడు. మంచి మనిషే. రింగ్ రోడ్డు మీద గట్టిగా తొక్కితే ఒక పక్క కొట్టుకుంటోందనీ, పెట్రోల్ వాసన వస్తోందనీ చెప్పాడు. వాసన మాట వినగానే ఇంజన్ ఆపేయమనాలి. నేను ఆ మాట అనకుండా, ఒత్తిడి కొలిచే మీటర్ తేవడానికి లోపలికి వెళ్లాను. చప్పుడు వినండని ఆయన ఇంజన్ అలాగే ఉంచాడు.

మీటర్ తీసుకుని బయటికి వచ్చేసరికి బానెట్ ఎత్తి ఉంది. ఉస్తాద్ వంగి, కళ్లు మూసుకుని వింటున్నాడు. ఆ కార్లలో ఇంజెక్టర్లకు పెట్రోల్ మోసే ఉక్కు గొట్టాలు రెండు, కుడికొకటి, ఎడమకొకటి. నట్లతో సహా అచ్చం లారీ గొట్టాల్లాగే ఉంటాయి. ఒక పక్క కొట్టుకుంటోందంటే ఏ పక్కో చూడాలి. నలభై ఏళ్ల చేతికి ఇంకేం తోస్తుంది? జేబులోంచి తీసిన పానా ఎడమ నట్టుకు పట్టేసి ఉంది. మణికట్టు తిరగడం మొదలైంది.

ఆ గొట్టంలో ఉండే ఒత్తిడికి పెట్రోల్ కారదు, పొగలా లేస్తుంది. కింద జానెడు దూరంలో ఎగ్జాస్ట్. అరిచినా ఆ చప్పుడులో వినపడదు. నేను ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశాను. గట్టిగానే లాగాను, మనిషి తూలాడు. పానా సిమెంటు మీద పడింది. నట్టు అంచున అప్పటికే తడి మెరుస్తోంది. నేను తాళం తిప్పి ఇంజన్ ఆపాను.

ఓనర్ నవ్వాడు. "చాచా, షాగిర్ద్ గురువును మించిండు గద" అన్నాడు.

ఉస్తాద్ వంగి పానా తీసుకున్నాడు. గుడ్డతో తుడిచి దాని చోట దాన్ని తగిలించాడు. సబ్బుపొడితో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, చొక్కా వేసుకుని, స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. ఎండకు తల తిరిగిందేమో, రేపు వస్తాడులే అనుకున్నాను. కారు సాయంత్రానికి తయారైంది. ఎడమ పక్క ఒక ఇంజెక్టర్ ఉంగరం చిట్లింది, ఇంకో రెండు చిట్లడానికి సిద్ధంగా ఉన్నాయి. అన్నీ మార్చి పంపాను.

మర్నాడు ఆయన రాలేదు. ఆ వారమూ రాలేదు. నాకు మొదట కోపమే వచ్చింది. కాలిపోవాల్సిన మనిషిని కాపాడితే అలగడమేమిటి? పానా పట్టిన చెయ్యి ముట్టుకున్నానన్న పట్టింపు అనుకున్నాను, ఆ పాత షెడ్ల కట్టడి ఇంకా పట్టుకుని కూర్చున్నాడు అనుకున్నాను. ఇంట్లో మా ఆవిడతో కూడా అదే అన్నాను. అయితే రోజూ పొద్దున షట్టర్ ఎత్తాక మొదటి పానా ఎవరికివ్వాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడేవాణ్ని. పదిహేనేళ్లలో బాపుతో గడిపినదానికంటే ఆయనతో గడిపిన పూటలే ఎక్కువ. ఆయన రాకపోతే ఆ షాపు నాకు ఉన్నా లేనట్టే అనిపించింది.

పాతబస్తీలో ఆయన ఇంటికి వెళ్లాను. బయటికి వెళ్లాడని లోపలి నుంచి ఆయన భార్య చెప్పింది. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. ఇంకోసారి వెళ్లాను, అదే మాట, అవే చెప్పులు. మూడోసారి ఆయనే తలుపు తీశాడు. కూర్చోమన్నాడు. కాస్త సన్నబడ్డాడు.

నేను వెంటనే మొదలుపెట్టాను. ముందే చెప్పాల్సిందంతా అప్పుడు చెప్పాను. పెట్రోల్ ఆవిరి ఎంత దూరం నుంచి అంటుకుంటుందో, ఆ ఉక్కు గొట్టంలో ఒత్తిడి ఎంత ఉంటుందో, ఫ్యూజ్ ఎందుకు పీకాలో అన్నీ. ఆయన కొత్తగా పనిలో చేరినవాడిలా విన్నాడు. ఇంజన్ బందు చేశాక కూడా గొట్టంలో ఒత్తిడి ఉంటుందా అని అడిగాడు. గంటల తరబడి ఉంటుందన్నాను. తల ఊపాడు. అంత మంచి ప్రశ్న అత్తాపూర్‌లో నేనే అడగలేదు.

"గిది ముందుగాల ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"మీకు నేను చెప్పుడేంది ఉస్తాద్ అని ఊకున్న."

దానికీ తల ఊపాడు. నాకు ధైర్యం వచ్చింది. చెయ్యి పట్టి లాగినందుకు మాఫ్ చేయమన్నాను. రేపటి నుంచి రమ్మన్నాను.

"చెయ్యి పట్టినందుకు గాదు బేటా" అన్నాడు. "నువ్వు పట్టకుంటే నేను దవాఖానల ఉందును. గది నాకు ఎరుకనే. గాయన నవ్విండు, నవ్వుతడు, నేనెవరో ఆయనకేం ఎరుక? నువ్వెందుకు నవ్వినవ్?"

నవ్వలేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఇప్పటిదాకా మీకూ ఓనర్ ఒక్కడే నవ్వాడని చెప్పుకొచ్చాను. నేనూ నవ్వాను. భయం తీరిపోయి నవ్వానని చెప్పుకోవచ్చు, కానీ కాదు. ఓనర్ గురువును మించావన్నప్పుడు నాకు బాగుంది. అలాంటి కారు మళ్లీ నా షాపుకే రావాలనుకున్నాను. ఓనర్ ముఖం చూసి పళ్లు బయటపెట్టాను. ఉస్తాద్ అప్పుడు పానా కోసం వంగబోతూ నా ముఖం చూశాడు.

ఆయన రెండోసారి అడగలేదు. లోపలి నుంచి ఛాయ్ వచ్చింది, ఇద్దరం తాగాం. లేచేటప్పుడు రేపు రమ్మని ఇంకోసారి అడగడానికి నాకు నోరు రాలేదు.