మామ చేనులో నా తుంగ సేద్యం

పంట పండించి పేరు తెచ్చుకున్నవాళ్లు మీకు చాలామంది తెలిసే ఉంటారు. కలుపు పండించి పేరు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఎకరం టమోటా చేనును ఒక్క పూటలో ఎలా తుంగపాలు చేశానో చెబుతాను. నడుం పట్టేసింది, కాస్త కూర్చోనివ్వండి.

పెళ్లయిన కొత్తల్లో సంగతి. నాకు తిరుపతిలో సెల్‌ఫోన్ల అంగడి. మామది పలమనేరు పక్కన టమోటా సేద్యం. ఆయన లెక్కలో మట్టి అంటని అల్లుడు అల్లుడే కాదు. "మా చిన్నల్లుడా? ఫోన్లకు అద్దాలు అతికిస్తాడు" అని ఊరందరికీ చెప్పేవాడు. ఎలాగైనా ఆ నోటితోనే శభాష్ అనిపించుకోవాలని నా తపన.

ఇంకా నారు నాటలేదు. మామ ఏదో పెళ్లికని నగరికి వెళ్లాడు. చేను చూద్దామని వెళితే, కాలువ నీళ్లు ఊరే మూలలో తుంగ గుబురుగా లేచి ఉంది. మూడు పలకల కాడలు, కొసన గోధుమరంగు పూత. మంచం వేసుకునేంత జాగా, అంతే.

"మీ నాయన వచ్చేలోగా దీన్ని లేపేస్తా" అన్నాను మా ఆవిడ సుజాతతో.

"దాని జోలికి పోవద్దు బావా. నాయనే నిదానంగా పారతో గడ్డలు ఏరుకుంటాడు."

"పారతోనా? ఏ కాలంలో ఉండారు మీరు?"

బాడుగకు ట్రాక్టరు, దానికి మట్టిని పిండి చేసే రోటవేటర్ తెప్పించాను. పిచ్చోడి చేతిలో రాయి అంటారు గానీ, రాయి ఒక్క తలకాయనే పగలగొడుతుంది. కొత్తల్లుడి చేతిలో రోటవేటర్ ఎకరానికి సరిపోతుంది.

"ఆ మూల వదిలేద్దామా?" అన్నాడు డ్రైవరు.

"ఆ మూల కోసమే కదప్పా పిలిచింది! ఆడ మొదలుపెట్టి చేనంతా నిలువూ అడ్డం దున్ను."

మట్టి జల్లెడ పట్టిన రాగిపిండిలా తయారైంది. దాని ముందు నిలబడి సెల్ఫీ తీసి మామకు పంపాను.

మామ బస్సు దిగి నేరుగా చేనుకే వచ్చాడు. గుప్పెడు మట్టి తీసి విదిలిస్తే చేతిలో నల్లటి గడ్డ ముక్కలు మిగిలాయి.

"యాడ మొదలుపెట్టినావు?"

"ఆ మూలలోనే మామా."

"యాడిదాకా పోయినావు?"

"చేనంతా. నిలువూ అడ్డం."

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. "తుంగ గడ్డ తెగితే సావదప్పా. ముక్కకొక మొక్క లేస్తాది. ఒక మూల ఉన్నదాన్ని చేనంతా నాటినావు కదా!"

వాన పడింది. చేనంతా పచ్చగా లేచింది. ఆ పంటకారులో టమోటా లేదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. నన్ను మామ కొట్టలేదు గానీ, తోడల్లుడు చిత్తూరు నుంచి పనిగట్టుకుని వచ్చి నవ్వి వెళ్లాడు. నిజంగానే ఏడుపొచ్చింది. ఆనాటి నుంచి ఆదివారమైతే చాలు, అంగడి మూసి, బస్సెక్కి, పార పట్టుకుంటున్నాను. తవ్విన చోటే మళ్లీ లేస్తుంది. విసుక్కునే ఓపిక కూడా అయిపోయింది.

మొన్న మామ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పెళ్లయ్యాక మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"అల్లుడా, నీవల్ల ఒక పని కావాల."

"చెప్పు మామా."

"పక్క చేనోడు గట్టు జరిపి మన మూడు సాళ్లు కలిపేసుకున్నాడు. కేసు వేస్తే ఎప్పటికి తెగుతాది? వాడు రేపు ఊళ్లో ఉండడంట. ఆ ట్రాక్టరు మళ్లా పిలిపించి, మన తుంగలో మొదలుపెట్టి, అట్లే వాడి చేనులోకి పోనీ. నీ అంత బాగా ఇంకెవురూ చెయ్యలేరు!"

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, పిడికెడు తుంగ గడ్డలు చేతబట్టి ప్రమాణం చేస్తున్నాను. అయినవాళ్లదైనా, కానివాళ్లదైనా, ఇకమీద ఏ చేనులోనూ నేను రోటవేటర్ తిప్పను, తిప్పించను. ఇక వెళ్తాను, పొద్దుగూకేలోగా ఇంకా రెండు సాళ్లు తవ్వాలి.