స్కేలు కోసి చేసిన గిలకలు

నిన్న డైరీల ట్రంకుపెట్టెలో కలరా ఉండలు మారుస్తుంటే అడుగున ఒక అగ్గిపెట్టె దొరికింది. ఊపితే పప్పుగింజల చప్పుడు. తెరిచి చూస్తే ఐదు చెక్క గిలకలు. ఒక్కొక్కటి కందిగింజ కన్నా కొంచెం పెద్దది. చుట్టూ గాడి, నడుమ సూది దూరేంత బెజ్జం. ఒకదాని మీద సన్నటి నల్లగీత, పక్కనే ఏడు అంకెలో సగం. మొత్తం చేసినవి ముప్పై ఏడు, ఓడకు పట్టినవి ముప్పై రెండు, ఇవి పనికిరాక మిగిలినవి. పనికిరానివాటిని కూడా లెక్కపెట్టి దాచడం నా జబ్బు. సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పటాలు గీసినవాడికి ఆ మాత్రం జబ్బు ఉంటుంది.

ఓడ మా బావది. బావంటే మా ఆవిడకు పెద్దన్న. వేంపల్లెలో వాళ్లది తాతల నాటి కిరాణా అంగడి. పంతొమ్మిదో ఏట తండ్రితో పోట్లాడి, శనక్కాయల లారీ ఎక్కి, ఎట్లాగో తూత్తుకుడి చేరి, ఉప్పూ ఉల్లిగడ్డలూ మోసే తెరచాప ఓడలో నాలుగేళ్లు పనిచేసి వచ్చాడట. ఆ తర్వాత యాభై ఏళ్లు అంగట్లో కూర్చుని పప్పులు తూచినా, ఎవరైనా అడిగితే తాను ఓడ మనిషిననే చెప్పేవాడు. ఏట్లో నీళ్లు పారితే జనం పనులు మానుకుని చూడటానికి వెళ్లే ఊళ్లో ఆ మాట ఎవరు నమ్ముతారు? నమ్మించడానికేనేమో, పెద్దతనంలో ఆ ఓడ నమూనా మొదలుపెట్టాడు. మూరెడు పొడవు. అడుగుభాగం, పై బల్లలు, రెండు తెరచాప స్తంభాలు పూర్తయ్యేసరికి కుడికన్ను పోయింది. ఎడమకంటికి సన్నగొట్టంలోంచి చూసినంత చూపు మిగిలింది. దానికి కర్నూలులో ఆపరేషను. చూపు నిలవవచ్చు, నిలవకపోవచ్చునన్నాడు డాక్టరు. ఆపరేషనుకు ఇంకా పది రోజుల గడువుంది.

బావ ఓడను పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కడపకు, మా ఇంటికి వచ్చాడు. "నువ్వు గీతలు గీసినోడివి గదప్పా, నీ చెయ్యి వణకదు. గిలకలు, నిచ్చెన, చుక్కాని పిడి, జెండా, ఇంతే మిగిలిండేది. అంతా అయినంక కండ్లారా ఒకసారి చూసి ఆసుపత్రికి పోతా" అన్నాడు. మధ్యలో చూడమంటే ఒప్పుకోలేదు. "ఉండే చూపు శానా తక్కువ. చిల్లరగా ఖర్చు పెడతామా? చూస్తే అంతా ఒకేసారి చూస్తా."

గిలకలకని వేపచెక్క తీసుకుంటే చీలిపోయింది. టేకు పొడిపొడిగా రాలింది. అట్లా మూడు రోజులు పోయాయి. నాలుగోరోజు పొద్దున గోడకు వేలాడుతున్న నా చెక్క స్కేలు మీద కన్ను పడింది. ఉద్యోగంలో చేరినప్పుడు కొనుక్కున్నది, లేతపసుపు రంగు, ఏనుగుదంతంలా నున్నగా, గట్టిగా ఉండే చెక్క. గుడ్డ మీద గీత గీసుకుంటానంటే మా ఆవిడకు కూడా ఇచ్చేవాణ్ణి కాదు. దాని మీద రంపం పెట్టడం చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయి, "జరమేమన్నా వచ్చిందా మీకు?" అంది.

చెక్కినవి చెక్కినట్లు బావ వేళ్లతో తడిమి చూసేవాడు. శనగపప్పులో రాయిని చీకట్లోనైనా పట్టే వేళ్లవి. ఐదు గిలకలు తిప్పికొట్టాడు. "ఈ గాడిలో తాడు జారదప్పా. గాలి మళ్లినప్పుడు తాడు పట్టేస్తే మనిషి సస్తాడు" అన్నాడు. నాకు విసుగొచ్చి, "దీంట్లో మనుషులు లేరు గదా బావా" అన్నాను. "నేనుండా గదప్పా" అన్నాడు. ఆ ఐదూ అగ్గిపెట్టెలో వేసి మళ్లీ స్కేలు అందుకున్నాను.

మా ఆవిడ ధోవతి గుడ్డ కత్తిరించి, గంజిపెట్టి, ముందుకు ఉబ్బినట్లు తెరచాపలు ఆరబెట్టింది. ఆదివారం సాయంత్రానికి స్కేలులో అంగుళం ముక్క మిగిలింది. దాన్ని తమలపాకంత పలచగా చెక్కి, రెండు అలలు తీసి, జెండా చేసి పెద్దస్తంభం కొసన బంకతో అతికించాను. ఆ స్తంభం కొస అగ్గిపుల్లంత సన్నం. నా పనికి నేనే మురిసిపోయాను.

సోమవారం పొద్దున ఆసుపత్రికి పోయే కారు వాకిట్లో వచ్చి ఆగింది. బావ స్నానం చేసి తూర్పు కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు మీద ఓడ పెట్టాను. ఆయన ముఖం దగ్గరగా తెచ్చి, వరుసలు చదివినట్లు తల మెల్లగా కదుపుతూ చూడటం మొదలుపెట్టాడు. చూపు స్తంభం పైకి ఎక్కింది. ఆగింది.

"ఏమప్పా, ఇది ఓడనా, ఎర్రబస్సా?"

నాకు అర్థం కాలేదు.

"గాలి వెనకనుంచి కొడతాండాది గదా, తెరచాపలు ముందుకు ఉబ్బినాయి. జెండా వెనక్కెట్ల ఎగురుతాది?"

నిజమే. నేను చూసిన జెండాలన్నీ బస్సులకూ లారీలకూ కట్టినవి. బండి ముందుకు పోతే జెండా వెనక్కి ఎగరాలనే నా లెక్క. బండి గాలికి ఎదురు పోతుందనీ, ఓడను గాలే తోస్తుందనీ నాకు ఒక్కసారైనా తోచలేదు.

"పోనీలే" అన్నాడు బావ. కానీ కన్ను మూసుకుని గోడవైపు తిరిగాడు. తప్పున్న ఓడ మీద ఆ చూపు ఖర్చు పెట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. బయట హారను మోగింది. జెండా విరిగితే మళ్లీ చేయడానికి స్కేలు లేదు. స్తంభం విరిగితే ఓడే లేదు.

మా ఆవిడ వంటింట్లోంచి ఇడ్లీగిన్నె తెచ్చి నేల మీద పెట్టింది. "ఆవిరి పట్టండి. కవర్ల మీద స్టాంపులు ఊడదీస్తారే, అట్లా" అంటూ రెండు పళ్లేలు తెరచాపలకు అడ్డం పెట్టింది. నేను ఓడను వాల్చి, కొస ఒక్కటే ఆవిరిలో ఉంచి, బ్లేడు ఆనించాను. కదల్లేదు. మళ్లీ ఆవిరి. చిన్నగా టప్‌మంది.

"ఇరిగిందా?" అన్నాడు బావ గోడవైపు నుంచే.

జెండా బ్లేడు మీదికి క్షేమంగా వచ్చింది. స్తంభం మాత్రం వెంట్రుకవాసి చీలింది. మా ఆవిడ కుట్టుదారం తెచ్చి ఏడు చుట్లు చుట్టి ముడేసింది. నేను జెండాను ముందుకు తిప్పి అంటించి, బంక పట్టేదాకా రెండు వేళ్లతో ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను. మళ్లీ హారను మోగితే ఆమె వాకిట్లోకి వెళ్లి, "ఉండప్పా, ముందు ఓడ పోవల్ల, ఆ తర్వాత నీ కారు!" అని అరిచింది.

"ఇప్పుడు చూడు బావా" అన్నాను.

ఆయన చూశాడు. దారపు చుట్ల దగ్గర వేలు ఆపి, "అతుకు లేని ఓడను నేను చూళ్లేదప్పా" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చూశాడు. ముప్పై రెండు గిలకలూ చూశాడు. చివరికి తనంతట తానే కన్ను మూసి, "సాలు. పోదాం పాండి" అని లేచాడు.

చూపు నిలవలేదు. ఓడను వేంపల్లెకు పంపుతానంటే వద్దన్నాడు. "నేను చూసిండేది ఆ కిటికీ కాడ. ఆడ్నే ఉండనీ." ఇప్పటికీ ఆదివారం ఆదివారం ఫోను చేసి, జెండా ఎటు ఉండాది అని అడుగుతాడు. ముందుకే బావా, అంటాను.

ఆ రోజు డైరీలో రెండే వరుసలున్నాయి: జెండా తిప్పితిని. ఆరు యాభై రెండు మొదలు ఏడు గంటల ఐదు వరకు బావ ఓడను చూచెను. పదమూడు నిమిషాలు. ఆ కిటికీ దగ్గర కూర్చున్నప్పుడల్లా అవి ఇంకా అయిపోలేదనే అనిపిస్తుంది. కొలిచి చూద్దామంటే, స్కేలు ఓడెక్కింది.