దానికీ దీనికీ పడదు

ఇస్సాక్ గారికి ఒక్కటే జబ్బు. ఏ వస్తువు కనపడినా, దానికి ఏది పడదో వెతుకుతారు.

సైన్యంలో మందుగుండు డిపోలో పాతికేళ్ళు పనిచేసి వచ్చి, బెజవాడలో పోలీసు తూటాల గోదాముకి కీపరయ్యారు. గ్రెనేడ్లు ఒక గదిలో, వాటిని పేల్చే ఫ్యూజులు దూరంగా ఇంకో గదిలో. మధ్యలో మనిషెత్తు మట్టికట్ట.

"ఒకటి పేలితే రెండోదానికి కబురు అందకూడదు," అనేవారు.

గోదాములో సరే. పటమటలో ఆయన ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు పెరట్లో ఉండేది, అగ్గిపెట్టె వీధి అరుగు మీద ఉండేది.

"టీ పెట్టాలంటే బెంజి సర్కిల్ దాకా నడిచినట్టుంది చక్రీ," అని వాళ్ళావిడ జమాల్ బీ నాతో మొత్తుకునేది.

"స్టవ్వుకీ అగ్గిపెట్టెకీ పడదు."

"మరి మీకూ నాకూ పడుతుందా?"

"అందుకేగా పొద్దున్నే డ్యూటీకి పోతున్నా!"

ఉయ్యూరులో ఆయన మేనకోడలు షహనాజ్ పెళ్ళి. పెళ్ళికూతురి బాబాయిలిద్దరికీ పన్నెండేళ్ళుగా మాటల్లేవు. ఎదురుపడితే కొట్టుకోవడమే. భోజనాల దగ్గర ఇస్సాక్ గారు వాళ్ళిద్దరి మధ్య పంచదార ఫ్యాక్టరీ హమాలీలను ఆరుగురిని కూర్చోబెట్టారు.

"ఎవరు మావయ్యా వీళ్ళు?" అంది పెళ్ళికూతురు.

"మట్టికట్ట."

ఆ మట్టికట్ట బిర్యానీ మూడుసార్లు వడ్డించుకుంది. గొడవ మాత్రం జరగలేదు.

నేను ఆ గోదాములో దినకూలీ గుమాస్తాని. డిగ్రీ తప్పాను. లైబ్రరీ అంతా నమిలేసి, లోకం మీద కసిగా ఉన్నాను. హెడ్ క్లర్కు తిరుపతిరావు రోజూ, "ఏం పండితా, ఇవాళ ఏ పుస్తకం మేశావ్?" అనేవాడు. ఓరోజు పేపర్‌వెయిట్ ఎత్తాను. అది విసిరి ఉంటే ఉద్యోగం పోయేది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కూలితోనే. ఇస్సాక్ గారు వెనకనుంచి వచ్చి దాన్ని నా చేతిలోంచి తీసి, కాగితాల మీద పెట్టారు.

మర్నాడే నన్ను మట్టికట్టల అవతల, వేపచెట్ల కింది రికార్డు షెడ్డుకి తోలేశారు.

"గంటకోసారి గదుల్లో వేడి చూసి రాయి. ఆఫీసు గుమ్మం తొక్కొద్దు. కాగితాలు నేనే తెస్తా."

"నోరు ఆయనది, శిక్ష నాకా సాయిబు గారూ?"

"వేడి ఎంతుందో చూడు," అన్నారంతే.

మూడేళ్ళు ఆ షెడ్డులో పళ్ళు నూరుకుంటూ పుస్తకాలు చదివాను.

ఓ రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. ఇస్సాక్ గారు పసిపిల్లలకి జ్వరం చూసినట్టు పెట్టెల మీద అరచెయ్యి ఆనిస్తూ వచ్చి, ఒక పాత గ్రెనేడ్ల పెట్టె దగ్గర ఆగారు. వాసన చూశారు.

"చక్రీ, దీనికి ఒంట్లో బాగాలేదు. మెల్లగా బయటికి నడువు."

నా కంటికి అది మిగతా పెట్టెల్లాగే ఉంది. "సాయిబుకి వడదెబ్బ!" అని తిరుపతిరావు నవ్వాడు. ఇస్సాక్ గారు కబురు చేస్తే బాంబుల నిపుణుడొచ్చి మూత తీశాడు. లోపల గ్రెనేడ్లకి చెమట పట్టినట్టు మందు కారుతోంది. నిపుణుడు మూత మెల్లగా దించాడు. లేచి ఇస్సాక్ గారికి సెల్యూట్ కొట్టాడు.

"సెల్యూట్ తర్వాత సార్. ముందు ఆ జేబులో సిగరెట్ పెట్టె బయట పెట్టి రండి."

ఆ గ్రెనేడ్ల పెట్టెని ఇబ్రహీంపట్నం అవతల పాడుబడ్డ క్వారీలో పేల్చారు. కొండ కొండంతా అదిరింది. ఇదే మన గోదాములో పేలి ఉంటే! ఆయన కీపరుగా వచ్చిన ఈ పదిహేనేళ్ళుగా ఊళ్ళో ఏమీ జరగలేదంటే, ఆ ఏమీ జరగకపోవడం ఈ మనిషి చేతి పని! ఆయన మాత్రం చెప్పులేసుకుంటూ, "అగ్గిపెట్టె ఎక్కడ పెట్టిందో మా ఆవిడ," అని ఇంటికి బయల్దేరారు.

రిటైరయిన రోజు గోదాము పటం నా చేతికిచ్చి సైకిలెక్కారు. ఏది ఎక్కడుండాలో, దేనికి ఏది పడదో, అన్నీ ఆయన దస్తూరీలోనే. గ్రెనేడ్లు: ఫ్యూజులకి పడదు. ఫ్యూజులు: ఎండకి పడదు. వేపచెట్ల కింది షెడ్డు దగ్గర పెన్సిలుతో ఇలా రాసి ఉంది:

"చక్రి. తిరుపతిరావుకి పడదు. మధ్యలో మూడు మట్టికట్టలు తప్పనిసరి. గోదాము మొత్తంలో ఇదే చల్లటి చోటు, ఇక్కడే ఉంచాలి. పుస్తకాలకీ వీడికీ బాగా పడుతుంది. పక్కపక్కన పెట్టవచ్చు."