సెంటర్లో మామయ్య ముఖం

మా మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, పోయిన నెల కన్నుమూశాడు. కన్నుమూశాడు అని రాయడానికే నాకు కోపంగా ఉంది. ఆ మాట వింటే మంచం మీద పడుకుని, అందరినీ ఒకసారి చూసుకుని, తృప్తిగా వెళ్లినట్టుంటుంది. మామయ్య తన షాపులో, కంప్యూటర్ ముందు, కుర్చీలో ఒరిగిపోయాడు. గుంటూరు తీసుకెళ్లే దారిలోనే అయిపోయింది. నేను ఒంగోలులో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. అత్తయ్య ఫోను చేసి, "మీ మామయ్య లేడే అమ్మాయ్" అని ఒక్క మాట చెప్పింది. ఆ తర్వాత ఫోను కట్ చేయడం మర్చిపోయింది. అవతల ఎవరో తలుపు వేసిన చప్పుడు, లారీల హారన్లు చాలాసేపు వింటూ నిలబడ్డాను.

చిలకలూరిపేటలో మామయ్యది ఫ్లెక్సీ డిజైన్ల షాపు. ప్రింటు వేసే మిషను వేరేవాళ్లది, బొమ్మ తయారుచేసేది మామయ్య. మా వైపు ఫ్లెక్సీ లేకుండా ఏదీ జరగదు. పుట్టినా ఫ్లెక్సీ, ఓణీలిచ్చినా ఫ్లెక్సీ. నాయకుడు గెలిస్తే ఒకటి, ఓడితే ప్రజల మనసులు గెలిచినందుకు ఇంకొకటి. పోతే, దీపం బొమ్మ పెట్టి శ్రద్ధాంజలి. పేట సెంటర్లో పదేళ్లకు పైగా గాలికి ఊగిన ముఖాల్లో సగం మామయ్య చేతి మీదుగా వెళ్లినవే. ఎవరి మొటిమ తీసేయాలో, ఎవరి బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించాలో ఆయనకి తెలుసు.

అంతకంటే ముఖ్యంగా, ఎవరి తల ఎంత ఉండాలో తెలుసు. పెద్దనాయకుడి తల ఇంత, మండలం నాయకుడిది అందులో సగం, కింద వరసలో అభిమానుల తలలు బొటనవేలంత. ఆ వరసలో కూడా ఎవరు ముందు, ఎవరు వెనక అని కొట్టుకుంటారు. "ఇక్కడ తల సైజు తగ్గిందా, అక్కడ తలకాయలు పగుల్తాయే" అని నవ్వేవాడు. నాకు ఆ నవ్వు నచ్చేది కాదు. మామయ్య ఎవరికీ కాదని చెప్పలేడు. కండువా వేసుకున్నవాడు గుమ్మంలోకి వస్తే చాలు, తింటున్న అన్నం పక్కన పెట్టి లేచేవాడు. నేను ఎన్నిసార్లు పోట్లాడానో. "వాళ్లతో రోజూ పనుంటదే. నువ్వు ఒంగోలు పోతావు, నేను ఇక్కడే ఉండాల" అనేవాడు.

నాకు కంప్యూటర్ మూత విప్పి లోపల చూపించింది మామయ్యే. ఇంటర్ సెలవుల్లో షాపుకి వెళ్లి కూర్చునేదాన్ని. ఒకరోజు సీపీయూ ఆన్ చేస్తే లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. సిగ్నల్ లేదని రెండు ముక్కలు రాసి అదీ ఆరిపోయింది. బయట కూర్చున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి డబ్బా మీద చరిచాడు. మామయ్యకి కోపం వచ్చిన సందర్భాలు తక్కువ, అది ఒకటి. "ఏవండీ, మీ ఇంట్లో ఎవరికన్నా నోట మాట రాకపోతే ఇట్టాగే కొడతారా?" అన్నాడు. ఆయన వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

తర్వాత నన్ను పిలిచి నేల మీద కూర్చోబెట్టాడు. "తెర నల్లబడితే చచ్చిందనుకోబాకు. ముందు ఫ్యాను తిరుగుతుందా చూడు. తిరిగితే లోపల ప్రాణం ఉంది, చెప్పలేకపోతా ఉందంతే." అప్పుడు వరసగా మొదలుపెట్టాడు. మానిటర్‌కి కరెంటు అందుతోందా, వైరు రెండు వైపులా గట్టిగా ఉందా. ఆ వైరు మదర్‌బోర్డుకి పెట్టారా, గ్రాఫిక్స్ కార్డుకి పెట్టారా. బొమ్మని తెర మీదికి పంపేది ఆ కార్డే కాబట్టి వైరు దానికే ఉండాలి. అదీ సరిగ్గానే ఉంటే అప్పుడు డబ్బా మూత తీయాలి. కార్డు తన గాడిలో పూర్తిగా కూర్చుందా, దానికి విడిగా వచ్చే కరెంటు వైరు ఊడిందా. మిల్లుల నుంచి ఎగిరే దూది పీచు మా ఊళ్లో ఏ డబ్బానీ వదలదు, అందుకని కార్డు తీసి, పళ్ల వరసలాంటి ఆ బంగారు రంగు అంచుని రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టాలి. అంతా అయ్యాక కూడా వెలగకపోతే, అప్పుడు మాత్రమే కార్డు పోయిందనే మాట నోట్లోంచి రావాలి. "కార్డుని తిట్టే ముందు వైరుని అడగాలే. మొదట తోచిన కారణం ఎప్పుడూ సోంబేరి కారణమే" అనేవాడు. నా ఉద్యోగం ఈ రోజుకీ ఆ మాట మీదే నడుస్తోంది.

ఆయన కార్డు బరువైనది. సెకండ్ హ్యాండులో గుంటూరు నుంచి తెచ్చుకున్నాడు. దాని బరువుకి ఒక చివర వాలిపోతుందని విరిగిన చెక్క స్కేలు ముక్క కోసి కింద ఆనుగా నిలబెట్టాడు. ఆ స్కేలు ముక్కకి ఒక పసుపు బొట్టు కూడా పెట్టాడు. దసరాకి మూత తీసి కార్డుకి కుంకుమ పెట్టబోతే నేను అడ్డుపడ్డాను. "సరే, స్కేలుకి పెడతాలే, దానికి కరెంటు లేదుగా" అన్నాడు.

ఇంత తెలిసిన మనిషి, మొదట తోచిన కారణాన్ని ఎన్నడూ నమ్మని మనిషి, తన గుండె మండితే గ్యాస్ అన్నాడు. నాకు మింగుడుపడనిది ఇదే. మా గుంటూరు వైపు ఛాతీలో ఏం జరిగినా దాని పేరు గ్యాసే. మిరపకాయ బజ్జీ తిన్నావా, కొత్త కారం కూర వేసుకున్నావా, అంతే, ఇంకేం అడగరు. ఆ రోజు పొద్దున్నే మామయ్య ఎడమ భుజం పట్టుకుని కూర్చుంటే పక్క షాపాయన సోడాలో ఉప్పు, నిమ్మకాయ కలిపి ఇచ్చాడు. ఎదురు సందులో సూదులేసే ఆయన వచ్చి గ్యాస్ బిళ్ల వేశాడు. అత్తయ్య ఇంటి నుంచి వాము నీళ్లు తెచ్చింది. చెమటలు కారుతున్నాయి, మాట రావడం లేదు, అయినా ఒక్కరికీ ఇది వేరే సంగతేమో అని తోచలేదు. ఆయనకి తోచిందో లేదో తెలియదు. తోచినా లేచేవాడు కాదు. ఎందుకంటే మర్నాడు ఒక నాయకుడి పుట్టినరోజు. ఆయన అనుచరుడు బెంచీ మీద కూర్చుని, "అన్నా, సాయంత్రానికి ప్రింటుకి పోవాల, కొంచెం చూడు" అంటూనే ఉన్నాడట. మామయ్య కాదనలేకపోయాడు. నాకు ఆయన మీద ఎంత కోపం ఉందో చెప్పలేను. పోయినవాళ్ల మీద కోపం ఎక్కడ తీర్చుకుంటాం?

మేము ఇంటి దగ్గర ఏడుస్తున్నప్పుడు ఆ అనుచరుడు మళ్లీ వచ్చాడు. పూలదండ తెచ్చాడు, కాళ్ల దగ్గర పెట్టాడు, అత్తయ్యకి దణ్ణం పెట్టాడు. తర్వాత మెల్లగా, "అక్కా, షాపు తాళం ఒకసారి ఇస్తారా, ఫైలు దాంట్లో ఉండిపోయింది" అన్నాడు. అత్తయ్య ఏం అడుగుతున్నాడో వినకుండానే కొంగుకి ఉన్న తాళంచెవి తీసి ఇచ్చింది. అతనూ ఇంకొకడూ సీపీయూని మోటారుసైకిల్ మీద ఒళ్లో పెట్టుకుని ఇంకో షాపుకి తీసుకెళ్లారు. అక్కడ అది వెలగలేదు. తిరిగి తెచ్చి, వైర్లు ఏదోలా తగిలించి, "కార్డు పోయిందంటక్కా" అని చెప్పి వెళ్లారు. పుట్టినరోజు ఫ్లెక్సీ వేరేచోట తయారైంది. మామయ్యని శ్మశానానికి తీసుకెళ్లేటప్పుడు సెంటర్లో ఆ నాయకుడి ముఖం కిందుగానే వెళ్లాం.

దినాలు నడుస్తుండగా అత్తయ్య నన్ను పక్కకి పిలిచింది. "ఊళ్లో అందరి ముఖాలూ సెంటర్లో పెట్టాడే మీ మామయ్య. ఆయన ముఖం ఒక్కసారి పెట్టాల. పెద్దకర్మ నాటికి పెట్టాల. పెద్దది పెట్టాల" అంది. ఫోటో ఏదే అని ఫోనుల్లో వెతికాం. అన్నింట్లోనూ మామయ్య ఎవరికో వెనక నిలబడి ఉన్నాడు, లేకపోతే ఫోటో తీస్తున్నది ఆయనే. అప్పుడు అత్తయ్యకి గుర్తొచ్చింది. కొన్నాళ్ల కిందట తెల్లచొక్కా వేసుకుని ఫోటో తీయించుకుని, కంప్యూటర్లో కళ్ల కింది నలుపు తీసేసి, చుట్టూ కత్తిరించి దాచాడట. "నేను పోతే వెతుక్కునే పని లేకుండా రెడీ చేసి పెట్టా" అని నవ్వాడట. అత్తయ్య అప్పుడు ఆ నోటి మీద కొట్టిందట. ఆ ఫోటో ఉన్నది ఆ డబ్బాలోనే, ఆ డబ్బా వెలగడం లేదు.

నేను షాపు తలుపు తీసి మామయ్య కూర్చోబెట్టిన చోటే నేల మీద కూర్చున్నాను. అత్తయ్య బెంచీ మీద కూర్చుంది. ఆన్ చేశాను. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉంది. మానిటర్ వెనక చేయి పెట్టి వైరు వెంట తడుముకుంటూ వచ్చాను. తిరిగి బిగించినవాళ్లు దాన్ని కార్డుకి కాకుండా బోర్డుకి పెట్టారు. మామయ్య మిషన్లో ఆ రంధ్రం ఎందుకూ పనికిరాదు. తీసి కార్డుకి పెట్టాను. అయినా వెలగలేదు. అత్తయ్య, "నిజంగానే పోయిందేమో లేవే" అంది. నేను కరెంటు తీసేసి మూత విప్పాను. మోటారుసైకిల్ గతుకులకి కార్డు ఒక చివర గాడిలోంచి పైకి లేచి, వాలిపోయి ఉంది. ఆనుగా ఉండాల్సిన స్కేలు ముక్క అడుగున పడి ఉంది.

కార్డు బయటికి తీశాను. రబ్బరుతో తుడిచాను. గాడిలో ఉన్న పీచు నోటితో ఊదాను. మళ్లీ పెట్టి, టక్కుమని చప్పుడు వచ్చేదాకా నొక్కాను. స్కేలు ముక్క నిలబెట్టాను. ఈ పని చేస్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు, కడుపు మండింది. ఒక డబ్బాకి ఇంత ఓపిగ్గా ఒక్కొక్కటీ చూడాలని మామయ్య నేర్పిన గదే కదా ఇది. ఆ రోజు ఈ గదిలో ఇంతమంది ఉన్నారు కదా. ఒక్కరు, ఒక్కటంటే ఒక్కటి, రెండో కారణం వెతికుంటే మామయ్య ఉండేవాడు.

తెర వెలిగింది. ఫోటో డెస్క్‌టాప్ మీదే ఉంది. తెల్లచొక్కా, కొంచెం పక్కకి దువ్విన జుట్టు, నవ్వబోయి ఆపుకున్న ముఖం. అత్తయ్య బెంచీ మీంచి లేచి తెర దగ్గరికి వచ్చింది. "చెవి పక్కన తెల్లవెంట్రుకలు కూడా తీసేశాడు చూడు దొంగ" అంది.

నేను తెరంతా నిండేలా ఆ ముఖం పెట్టి ఫ్లెక్సీ తయారుచేశాను. సెంటర్లో ఇనుప ఫ్రేము ఎవరిది ఖాళీగా ఉందో కనుక్కోవడానికి అత్తయ్య ఫోను చేసింది. సెంటర్లో ఫ్రేములన్నీ ఆ నాయకుడి మనుషులవే. మర్నాడు అనుచరుడు వచ్చాడు. నొచ్చుకున్నాడు, మామయ్య మంచితనం గురించి చెప్పాడు, ఫ్రేము ఇస్తామన్నాడు. తెర చూసి, "బాగుందమ్మా. పైన మా అన్నగారి ఫోటో ఒకటి పెట్టు, ఆయన సంతాపం చెప్తున్నట్టు" అన్నాడు. పెట్టాను. "ఇంకొంచెం పెద్దది చేయమ్మా, దూరానికి ఆనదు" అన్నాడు. నేను మౌస్ వదిలేసి అత్తయ్య వైపు చూశాను. ఈ షాపు అద్దెకివ్వాలన్నా, ఎవరినైనా పెట్టి నడపాలన్నా ఆమె ఈ ఊళ్లోనే, ఈ మనుషుల మధ్యే ఉండాలి. అత్తయ్య తల దించుకుని, "చేయవే" అంది. చేశాను. ఆ ముఖం పెరిగే కొద్దీ మామయ్యని కిందికి, ఇంకా కిందికి, ఒక మూలకి జరుపుకుంటూ వచ్చాను. తర్వాత అనుచరుల తలలు కొన్ని వచ్చాయి. వాటి సైజులు కూడా వాళ్లే చెప్పారు.

పెద్దకర్మ పొద్దున అత్తయ్యా నేనూ సెంటర్‌కి వెళ్లాం. దూది బేళ్ల లారీలు ఆగకుండా పోతున్నాయి. పైన నాయకుడు రెండు చేతులూ జోడించి రోడ్డంతటికీ దణ్ణం పెడుతున్నాడు. మామయ్య ఎడమ వైపు కింది మూలలో, అరచేయంత ఉన్నాడు. ఫ్రేముకి బిగించేటప్పుడు సరిగ్గా ఆ మూలే ముడత పడి, ఆయన ముఖం రెండుగా మడిచినట్టయింది. అత్తయ్య వెళ్లి అరచేత్తో ఆ ముడతని నొక్కింది. చేయి తీయగానే మళ్లీ ముడుచుకుంది. మళ్లీ నొక్కింది. అంత కింద పెట్టబట్టి, ఆ ముఖాలన్నిట్లోనూ ఆమె చేతికి అందేది ఆయనొక్కడే. లారీలు హారన్లు కొడుతున్నా పక్కకి జరగకుండా, చేయి అలా ఆనించే ఉంచి నిలబడింది.