వెనక సీట్లో పడుకొని చూసిన బండి

పోయిన వారం పొద్దున్నే యాలాల్ నుంచి మా మేనత్త బిడ్డ ఫోన్ చేసింది. అత్త నిద్రలోనే పోయిందని చెప్పింది. వికారాబాద్ నుంచి నేను చేరేసరికి వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. చర్చి నుంచి వచ్చినవాళ్లు మెల్లగా పాడుతున్నారు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. అత్తకు గోల నచ్చదని అందరికీ తెలుసు.

ఆమె అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఒక బండి కొన్న సంగతి. మామకు మూత్రపిండాలు చెడిపోయి, డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు వికారాబాద్ రావలసి వచ్చేది. తాండూరు దారి రాళ్ల లారీలు తిరిగి తిరిగి గుంతలు పడి ఉంది. మామ చిన్న కారులోకి వంగి ఎక్కలేడు, బస్సులో అంతసేపు కూర్చోలేడు. అందుకని ఎవరైనా కొన్నాళ్లు వాడి అమ్ముతున్న ఎత్తైన డీజిల్ బండి కొనాలనుకున్నారు.

తాండూరులో రెండు బండ్లు దొరికాయి. చూడటానికి ఒకలాగే ఉన్నా ఇంజన్లు వేరు. ఒకటి పాతరకం, కంప్యూటర్ లేకుండా ఉత్త డీజిల్ పంపుతో నడిచేది. ఎక్కడ ఆగినా పానా పట్టిన ఏ మెకానిక్కైనా బాగుచేస్తాడు, కానీ మోత, వణుకు ఎక్కువ. రెండోది సెన్సార్లున్న కొత్తరకం. మెత్తగా పోతుంది. డీజిల్‌లో కాస్త చెత్త పడ్డా మొరాయిస్తుంది, కంప్యూటర్ పెట్టి చూస్తే గాని దాని జబ్బు తెలియదు. మేం వెంట తీసుకెళ్లిన మెకానిక్ పాతదే తీసుకోమన్నాడు. బతుకంతా ట్రాక్టర్ తోలిన మామదీ అదే మాట. నేనూ తలూపాను.

అత్త ఇంజన్ వైపు చూడనే లేదు. రెండు బండ్లలోనూ వెనక సీట్లో కాళ్లు ముడుచుకొని పడుకుంది. గుంతల రోడ్డు మీదికి పోనియ్యమని, తోలుతున్న బిడ్డకు చెప్పింది. తిరిగొచ్చాక దిగి, కొంగు సర్దుకొని, కొత్తరకం తీసుకుందామంది.

మామ ఒప్పుకోలేదు. "నడిమిట్ల ఆగితె ఎట్ల? నన్నేసుకొని మీరిద్దరు రోడ్డు మీద నిలవడ్తరా?"

"ఆగితె నేను చూసుకుంట," అంది అత్త. "నువ్వు ఎనక పండుకొని మూల్గుతుంటె చూసుడు నాతోని కాదు."

కొత్తరకమే కొన్నారు.

ఆ బండిలో అత్త ఎప్పుడూ వెనకే కూర్చునేది, డయాలసిస్ సూదులు గుచ్చిన మామ చెయ్యి ఒళ్లో దిండు మీద పెట్టుకొని. మెల్లగా పోనియ్యమని నోటితో అనేది కాదు. గుంత కనబడితే బిడ్డ భుజాన్ని వేలితో తాకేది, అంతే.

ఒక వానాకాలం సాయంత్రం మామ భయపడ్డట్టే జరిగింది. ఆస్పత్రి నుంచి తిరిగొస్తుంటే స్టీరింగ్ ముందు ఎర్రలైటు వెలిగి బండి ఆగిపోయింది. దగ్గర్లో ఇల్లు లేదు. బిడ్డ నాకు ఫోన్ చేస్తుండగానే అత్త దిగి, రాళ్ల కోసం తాండూరుకు ఖాళీగా పోతున్న లారీని ఆపింది. డ్రైవర్ కర్ణాటక మనిషి. అతనితో కన్నడంలో మాట్లాడి, మామను క్యాబిన్‌లోకి ఎక్కించి పక్కన కూర్చుంది. బండి దగ్గర బిడ్డ ఉండిపోయింది. నేను మెకానిక్‌ను తీసుకొని వెళ్లాను.

లారీ ఊపుకు మామ పళ్లు బిగబట్టి, పాతది కొంటే ఈ తిప్పలుండేవా అన్నాడట. "ఇయ్యాల ఒక్కనాడు ఊగినవ్. గా పాతదైతె పోయినప్పుడల్లా ఊగుతుంటివి," అందట అత్త. ఇద్దరూ నవ్వుకున్నారని తర్వాత మామే నాకు చెప్పాడు.

మామ చివరిదాకా ఆ బండిలోనే తిరిగాడు. చాలాసార్లు తాండూరు వచ్చేసరికి నిద్రపోయి ఉండేవాడు. ఏ ఇంజన్ బండి కొనాలని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, అందులో ఎక్కువగా ఎవరు, ఎక్కడ కూర్చుంటారని అడుగుతాను. మెకానిక్ చెప్పినదీ తప్పు కాదు. కానీ ఈ ప్రశ్న నాకు అత్త ఇచ్చింది.

ఆమెను మామ పక్కనే పూడ్చాం. తిరిగొస్తుంటే ఊరి బయట ఎవరో రోడ్డంతా కందికట్టె పరిచి ఉంచారు, చక్రాల కింద గింజ రాలడానికి. నేను కారు ఆపాను. పక్కన నిలబడ్డ ఆడమనిషి పోనియ్యమని చెయ్యూపింది. మెల్లగా పోనిచ్చాను. అద్దంలో చూస్తే ఆమె కట్టెను కర్రతో తిరగేస్తోంది. లేచిన దుమ్ము ఎండలో అలాగే నిలిచి ఉంది.